ఒక్కటే చేశారు.. రోడ్డెక్కనే లేదు!

1985లో ఫ్రాంక్‌ఫర్ట్‌ మోటార్‌ షోలో అందరి కళ్లూ ఒక బ్రిటిష్‌ స్పోర్ట్స్‌ కారు మీదే. అది ఒక్కటే తయారైంది. ఫ్యాక్టరీ ముఖం చూడలేదు. మరి దాన్ని చేసినవాళ్ల కష్టం ఏమైంది? ఫైనలియర్‌ ప్రాజెక్టు పనిలో ఉన్నవాళ్లు ఈ కథ తెలుసుకుంటే మంచిది.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సు పాల్వంచ దాటి అడవిలోకి దిగగానే ఫోన్లలో సిగ్నల్‌ పడిపోతుంది. అప్పటిదాకా రీల్స్‌ చూస్తున్నవాళ్లు తలెత్తి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఆ మధ్య నా ముందు సీట్లో ఇద్దరు మెకానికల్‌ కుర్రాళ్లు అలాగే మొదలుపెట్టారు.

‘‘మామా, ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చింది?’’

‘‘ఎక్కడిదాకా ఏందిరా? అమీర్‌పేట పోయి తెచ్చుకోవడమే. పదిహేను వేలు. రిపోర్టు, పీపీటీ కూడా వాళ్లే ఇస్తారు.’’

‘‘పనిచేస్తదా మరి?’’

‘‘పనిచేయకపోతే ఎందుకు అమ్ముతార్రా?’’

వాళ్లను తప్పు పట్టబుద్ధి కాలేదు. సొంతంగా చేస్తే ఆగిపోతుందేమో, వైవాలో పరువు పోతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది. కొన్నది పనిచేస్తుంది, మార్కులు వస్తాయి. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం అప్పుడు ఒక పాత కారు గుర్తొచ్చింది. ఎంజీ ఈఎక్స్‌-ఈ. ఒక్క కిలోమీటరు కూడా అమ్ముడుపోని కారు అని ఎవరైనా నవ్వొచ్చు. కానీ దాన్ని చేసిన చేతుల్లోంచే, దానికి పెట్టాలనుకున్న ఇంజిన్‌లోంచే తర్వాత ఏమేం వచ్చాయో చూస్తే నవ్వు ఆగుతుంది.

బ్యాడ్జి మిగిలింది, బండి లేదు

ఎంజీ అంటే ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే హెక్టర్‌, కామెట్‌ గుర్తొస్తాయి. ఒకప్పుడు అది చిన్న స్పోర్ట్స్‌ కార్లకు పేరున్న బ్రిటిష్‌ కంపెనీ. వేగం రికార్డుల కోసం ప్రత్యేకంగా బండ్లు కట్టి, వాటికి ‘ఈఎక్స్‌’ అని నంబర్లు పెట్టేది. ఈఎక్స్‌ అంటే ఎక్స్‌పెరిమెంటల్‌, అంటే ప్రయోగం కోసం చేసింది. వాటిలో ఈఎక్స్‌181 అనే కన్నీటి బొట్టు ఆకారపు కారును 1957లో స్టిర్లింగ్‌ మాస్‌ అమెరికాలోని ఉప్పు మైదానంలో గంటకు 245 మైళ్లకు పైగా నడిపాడు. 1959లో ఫిల్‌ హిల్‌ అదే కారుతో 254 మైళ్లు దాటించాడు.

అంత చరిత్ర ఉన్న కంపెనీకి 1980 అక్టోబరులో అబింగ్డన్‌ ఫ్యాక్టరీ మూతపడింది. స్పోర్ట్స్‌ కార్లు ఆగిపోయాయి. మాతృసంస్థ బ్రిటిష్‌ లేలాండ్‌ 1975 నుంచే ప్రభుత్వ చేతుల్లో ఉంది, నష్టాల్లో నడుస్తోంది. ఆ తర్వాత ఎంజీ అనేది మెట్రో, మాయెస్ట్రో, మాంటెగో అనే మామూలు కుటుంబ కార్లకు అతికించే బ్యాడ్జి అయిపోయింది.

ఆ సమయంలో డిజైన్‌ విభాగం బాధ్యత రాయ్‌ యాక్స్‌ది. ఆయన దగ్గర పనిచేస్తున్న కుర్ర డిజైనర్లలో జెర్రీ మెక్‌గవర్న్‌ ఒకడు. వయసు ముప్పైకి అటూ ఇటూ. ‘ఎంజీ మళ్లీ నిజమైన స్పోర్ట్స్‌ కారు చేస్తే ఎలా ఉంటుంది?’ అన్న ప్రశ్నకు వీళ్లు ఇచ్చిన జవాబే ఈఎక్స్‌-ఈ. యుద్ధ విమానం కాక్‌పిట్‌ మీద ఉండే గాజు గొడుగులాంటి పైకప్పు, ఇద్దరికే సీట్లు, ఇంజిన్‌ సీట్ల వెనక మధ్యభాగంలో. జిగురుతో అతికించిన అల్యూమినియం ఫ్రేమ్‌, దాని మీద ప్లాస్టిక్‌ ప్యానెళ్లు అనేది ఆలోచన. అల్యూమినియాన్ని జిగురుతో అతికించడం ఏంటి అనుకోకండి. అదే కంపెనీ 1982లో ఈసీవీ3 అనే పరిశోధన కారును అలాగే చేసి చూసింది.

ఇంజిన్‌ కూడా కొత్తది కాదు. ర్యాలీ పోటీల కోసం అప్పటికే సిద్ధం చేసిన మెట్రో 6ఆర్‌4 నుంచి తీసుకున్నారు. 2,991 సీసీ, ఆరు సిలిండర్లు, 24 వాల్వులు. ఫార్ములా వన్‌లో మనం వినే విలియమ్స్‌ సంస్థ ఆ ర్యాలీ కారు అభివృద్ధిలో పాలుపంచుకుంది. అంటే డిజైనర్లు అన్నీ సున్నా నుంచి మొదలుపెట్టలేదు. ఉన్న ఇంజిన్‌, ఉన్న ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌, ఉన్న అల్యూమినియం విద్య దగ్గర పెట్టుకుని కొత్త బండిని ఊహించారు. ‘ఐడియా మొత్తం కొత్తగా ఉండాలి’ అని తలపట్టుకునే ప్రాజెక్టు బ్యాచులు ఇక్కడ కాస్త ఆగాలి. ఇంజినీరింగ్‌లో సగం పని ఉన్నదాన్ని ఎక్కడ వాడాలో తెలియడమే.

చప్పట్లు వచ్చాయి, డబ్బు రాలేదు

1985 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెర తీయగానే పత్రికలు మెచ్చుకున్నాయి. కుటుంబ కార్ల కంపెనీ నుంచి ఇలాంటిదా అని ఆశ్చర్యపోయాయి. కానీ ప్రొడక్షన్‌ దాకా పోలేదు.

ఎందుకంటే, ప్రదర్శనకు ఒక్కటి చేయడం వేరు, వేలల్లో అమ్మడం వేరు. ఆ ఇంజిన్‌ పోటీల కోసం చేసింది, మామూలు ఫ్యాక్టరీ లైను మీద చవగ్గా దింపేది కాదు. ప్రతి భాగానికీ అచ్చులు, ప్రమాద పరీక్షలు, డీలర్లు, స్పేర్‌ పార్టులు కావాలి. కంపెనీ దగ్గరున్న కొద్ది డబ్బూ హోండాతో కలిసి చేస్తున్న రోవర్‌ 800 అనే పెద్ద కారు మీద ఉంది. అది 1986లో వచ్చింది. కంపెనీని 1988లో ప్రభుత్వం బ్రిటిష్‌ ఏరోస్పేస్‌కు అమ్మేసింది. అప్పుల ఇంట్లో పెళ్లికి ముందు ఇంటి పైకప్పు బాగు చేయించుకోవాల్సి వస్తే ఏది ఆగుతుందో మనకు తెలియనిది కాదు.

ఆ ఇంజిన్‌కు ఇంకో దెబ్బ తగిలింది. అది పుట్టిందే గ్రూప్‌-బీ అనే ర్యాలీ విభాగం కోసం. 1986లో వరుస ప్రమాదాలు, మరణాలు జరగడంతో ఆ విభాగాన్నే ఎత్తేశారు. 6ఆర్‌4 అనుకున్న పని ముగిసింది. ఒక్క నిబంధన మారితే ఏళ్ల శ్రమ పక్కకు పోవడం వాహన రంగంలో కొత్తకాదు. మొన్నటి బీఎస్‌-4, బీఎస్‌-6 మార్పుల్లో మన దగ్గరా కొన్ని మోడళ్లు అలాగే కనుమరుగయ్యాయి.

అసలు కథ ఇక్కడుంది

ఇంజిన్‌ హక్కుల్ని టామ్‌ వాకిన్‌షా రేసింగ్‌ అనే సంస్థ కొనుక్కుంది. దాన్ని మార్చి, టర్బోచార్జర్లు బిగించి జాగ్వార్‌ రేసు కార్లలో వాడింది. జాగ్వార్‌ 1988లో ఎక్స్‌జే220 అనే కారును 12 సిలిండర్ల ఇంజిన్‌తో, ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌తో బర్మింగ్‌హామ్‌ షోలో చూపించింది. జనం అడ్వాన్సులు కట్టారు. తీరా 1992లో కారు చేతికొచ్చేసరికి అందులో 12 సిలిండర్లు లేవు. ఉన్నది ఆరు సిలిండర్ల, రెండు టర్బోల ఇంజిన్‌. మెట్రో ర్యాలీ కారు ఇంజిన్‌ వంశమే! కొందరు కొనుగోలుదారులు మండిపడి కోర్టుకెక్కారు. కానీ గంటకు 340 కిలోమీటర్లు దాటి అప్పటి ప్రపంచంలోని వేగవంతమైన కార్లలో ఒకటిగా నిలిచింది ఆ ఇంజిన్‌తోనే.

మెక్‌గవర్న్‌ సంగతి ఇంకా ఆసక్తికరం. ఈఎక్స్‌-ఈ ఆగిన పదేళ్లకు, 1995లో ఎంజీఎఫ్‌ అనే చిన్న స్పోర్ట్స్‌ కారు జెనీవాలో విడుదలైంది. దాని రూపం వెనక ఉన్నది ఆయనే. ఇంజిన్‌ మధ్యలోనే ఉంది. ఈసారి మాత్రం లెక్క తప్పలేదు. ముందూ వెనకా సబ్‌ఫ్రేములు చవకైన చిన్న కారు మెట్రోవి తెచ్చి సర్దారు. గాజు గొడుగు లేదు, ర్యాలీ ఇంజిన్‌ లేదు. అమ్ముడుపోయింది. తర్వాత ఆయన ల్యాండ్‌ రోవర్‌లో ఫ్రీలాండర్‌ చేశారు. 2008లో ఎల్‌ఆర్‌ఎక్స్‌ అనే కాన్సెప్ట్‌ చూపిస్తే అది 2011లో రేంజ్‌ రోవర్‌ ఇవోక్‌గా రోడ్డెక్కింది. ఈ మధ్యలో, 2008 జూన్‌లో, జాగ్వార్‌ ల్యాండ్‌ రోవర్‌ను మన టాటా మోటార్స్‌ ఫోర్డ్‌ నుంచి 230 కోట్ల డాలర్లకు కొంది.

ఈఎక్స్‌-ఈ ఇప్పుడు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో బ్రిటిష్‌ మోటార్‌ మ్యూజియంలో ఉంది. దాని పక్కనే జాగ్వార్‌ ల్యాండ్‌ రోవర్‌ ఇంజినీరింగ్‌ కేంద్రం. అంటే అమ్ముడుపోని ఆ కారు గోడ అవతల ఇప్పుడు టాటాల ఇంజినీర్లు పనిచేస్తున్నారు.

టాటా యాజమాన్యంలోనూ ఈ చరిత్ర మళ్లీ జరిగింది. జాగ్వార్‌ సీ-ఎక్స్‌75 2010లో పారిస్‌లో కనిపించింది. 2011లో 250 కార్ల దాకా చేస్తామన్నారు, మళ్లీ విలియమ్స్‌తోనే జట్టు కట్టారు. 2012 డిసెంబరులో ఆర్థిక పరిస్థితి బాగోలేదని ఆపేశారు. 2015 జేమ్స్‌బాండ్‌ సినిమాలో విలన్‌ బండిగా కనిపించింది అదే. టాటా రేస్‌మో కూడా అంతే. 2017లో జెనీవాలో మెరిసింది, ఏడాది తిరిగేసరికి పక్కన పెట్టారు.

అన్నీ ఆగిపోతాయని కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది గుర్తుందా? ఆ సందర్భంగా మహీంద్రా తన ఎలక్ట్రిక్‌ కాన్సెప్టుల్ని మన నగరంలో చూపించింది. వాటిని గీసిన స్టూడియో ఇంగ్లండ్‌లోని బ్యాన్‌బరీలో ఉంది. గేడన్‌కు దగ్గరే. వాటిలో బీఈ.05 అనేది 2024 నవంబరులో అమ్మకపు కారుగా విడుదలైంది. రేసు మాత్రం రెండో ఏడాదికే రద్దయింది. ఏది నిలుస్తుందో, ఏది ఆగుతుందో మోటార్‌ షో రోజున ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

భద్రాద్రి జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ లేదు. ‘భద్రాచలం రోడ్‌’ రైల్వేస్టేషన్‌ భద్రాచలానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉన్నట్టే, మనకూ ఈ రంగానికీ మధ్య కాస్త దూరముంది. కానీ ప్రయోగానికి కట్టినవి మన పక్కనే ఉన్నాయి. పాల్వంచ స్పాంజ్‌ ఐరన్‌ ప్లాంటు సంగతే చూడండి. కోక్‌ లేకుండా మామూలు బొగ్గుతో ఇనుము చేయొచ్చా అని చూడటానికి ఐక్యరాజ్యసమితి సాయంతో కట్టిన ప్రదర్శన ప్లాంటు అది. 1980లో మొదలైంది. 2010లో ఎన్‌ఎండీసీలో కలిసింది. ఆ దారిన రోజూ కాలేజీ బస్సులో పోయేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా బ్యాచులో నలుగురం తునికాకు కట్టలు కల్లం దాకా మోసే మూడు చక్రాల బండి చేశాం. పాత మోపెడ్‌ ఇంజిన్‌, బూర్గంపాడులో ఒక వెల్డింగ్‌ షాపులో అతికించిన పైపు ఫ్రేమ్‌. కాలేజీ పేరు ఎందుకుగానీ, ‘ఇవన్నీ మీకెందుకు, రెడీమేడ్‌ తెచ్చుకోండి’ అనే అన్నారు. మేం వినలేదు. వైవా రోజు బరువు వేసి నడిపితే నలభై అడుగులు పోయి చైను ఊడిపోయింది. మళ్లీ ఎక్కించాం, మళ్లీ ఊడింది. క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు మావే. ఆ రాత్రి హాస్టల్‌లో ఎవరమూ అన్నం తినలేదు.

తర్వాత కారణం దొరికింది. చైను సర్దింది ఖాళీ బండి మీద. బరువు పడగానే ఫ్రేమ్‌ వంగి ముందు పళ్ల చక్రానికీ వెనకదానికీ మధ్య దూరం మారింది, వరుస తప్పింది. అడ్డంగా ఒక పైపు వేసి, బరువు పెట్టి చైను బిగిస్తే ఆగింది. అప్పటికి మార్కులు ఇచ్చేశారు. కానీ మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ప్యానెల్‌ దాదాపు అరగంట అడిగింది ఆ చైను గురించే. వంగిందని ఎలా తెలిసింది, ఎంత వంగింది, ఎలా కొలిచారు, పైపు అక్కడే ఎందుకు వేశారు? కొన్న ప్రాజెక్టు అయ్యుంటే రెండో ప్రశ్నకే నీళ్లు నమిలేవాణ్ని.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

ఒక కారు పుట్టుకలో గీసేవాళ్లు కొద్దిమందే. వాళ్ల వెనక మట్టితో పూర్తి సైజు నమూనా మలిచేవాళ్లు, ఆ ఉపరితలాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు, కాటియా, ఎన్‌ఎక్స్‌లలో భాగాలు గీసేవాళ్లు, హైపర్‌మెష్‌, యాన్సిస్‌లలో బలం లెక్కించేవాళ్లు, వైరింగ్‌ చూసేవాళ్లు, నమూనా బండి బిగించే టెక్నీషియన్లు, టెస్ట్‌ ఇంజినీర్లు ఎందరో ఉంటారు. ప్రాజెక్టు రద్దయినా వీళ్ల నైపుణ్యం రద్దవదు, పక్క ప్రాజెక్టుకు మారుతుంది. మన జిల్లాల కుర్రాళ్లు ‘డిజైన్‌ అంటే బొమ్మలు వేయడం, మనకు రాదు’ అని వదిలేసేది ఈ మధ్యలో ఉన్న పనుల్నే. నా దృష్టిలో మనవాళ్లకు ఎక్కువ అవకాశాలు ఉన్నది కూడా అక్కడే.

హైదరాబాద్‌లో హ్యుందాయ్‌ ఇంజినీరింగ్‌ కేంద్రం, జడ్‌ఎఫ్‌ టెక్‌ సెంటర్‌, సైయెంట్‌, టెక్‌ మహీంద్రా లాంటివి ఉన్నాయి. ఇక్కడ ఎక్కువగా కంప్యూటర్‌ మీద డిజైన్‌, విశ్లేషణ, సాఫ్ట్‌వేర్‌ పనులు. బండిని చేత్తో తాకే పని కావాలంటే పుణె, చెన్నై వైపు చూడాలి. పుణెలో ఏఆర్‌ఏఐ, ఇండోర్‌ దగ్గర పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్‌ ట్రాక్‌ ఉన్న నాట్రాక్స్‌ పరీక్ష కేంద్రాలు. అనంతపురం వైపు వెళ్లగలిగితే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది.

నిజంగా బొమ్మ వేసే చెయ్యి ఉంటే బీటెక్‌ ఫైనలియర్‌లోనే సీడ్‌ రాయొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఎండిజైన్‌ ఉంది, బాంబేలో వాహన డిజైన్‌కే ప్రత్యేక కోర్సు ఉంది. ఎన్‌ఐడీలో ట్రాన్స్‌పోర్టేషన్‌ డిజైన్‌కు వేరే ప్రవేశ పరీక్ష. ఐటీఐ వాళ్లు మా సంగతేంటి అంటారు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్‌ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీకు దగ్గరున్న ఐటీఐలో ఏ కోర్సులు పెట్టారో ఒకసారి వెళ్లి అడిగి రండి.

సొంతంగా ప్రాజెక్టు చేద్దామంటే మిషన్లు లేవనేది నిజమైన ఇబ్బందే. హైదరాబాద్‌ రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌ నమూనాలు చేసుకోవడానికే కట్టింది. లేజర్‌ కటింగ్‌, 3డీ ప్రింటింగ్‌, వెల్డింగ్‌ లాంటివన్నీ ఒకే చోట ఉంటాయి. బ్యాచుగా పోదామనుకుంటే బాహా, సుప్రా, ఫార్ములా భారత్‌ లాంటి పోటీలు ఉన్నాయి. అక్కడ బండి మధ్యలో ఆగిపోయే జట్లే ఎక్కువ. అదేం సిగ్గు పడాల్సిన విషయం కాదు.

ఇంకో మాట. చేసేటప్పుడు రోజువారీ నోటుబుక్‌ రాయండి. ఏ రోజు ఏం కొలిచారు, ఏది విరిగింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎందుకు మార్చారు అన్నీ తేదీతో. విరిగిన ముక్క ఫొటో తీయండి, పారేయకండి. రెజ్యూమెలో ‘విజయవంతంగా పూర్తి చేశాం’ అనే వాక్యం అందరూ రాస్తారు. ‘బరువు పడితే చైను ఊడింది, కారణం ఇది, ఇలా సరిచేశాం’ అనేది మీరొక్కరే రాయగలరు.

ఇందులో సగం ఆ రోజు బస్సులోనే ఆ ఇద్దరికీ చెప్పాను. ‘పనిచేస్తదా మరి’ అని అడిగిన అబ్బాయి టీ-వర్క్స్‌ పేరు ఫోన్‌లో రాసుకున్నాడు. రెండోవాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సారపాక వస్తుంటే బ్యాగు భుజాన వేసుకుని నావైపు తిరిగాడు.

‘‘అంతా బాగానే ఉందన్నా. కానీ అమీర్‌పేటలో ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేశాం. అది వాపస్‌ ఇస్తారా?’’